పొద్దుటి బస్సులో కుస్తీ

మా అత్తమ్మ పోయి మూడు నెలలు దాటింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో కొన్ని నిజం కావు. ఓపిక గల మనిషి అన్నారు. ఆమెకు ఓపిక తక్కువ. నెమ్మదైన మనిషి అన్నారు. ఆమె మా అరుగు మీద నిలబడి పిలిస్తే గల్లీ చివర పాలకేంద్రం దగ్గరున్నవాళ్లు తిరిగి చూసేవాళ్లు. పోయినవాళ్లను పొగడటం మర్యాదే. కాని పొగిడినకొద్దీ అసలు మనిషి ఎవరో మరిచిపోతామేమోనని నాకు భయం వేసింది. అందుకే జరిగిన ఒక్క సంగతి రాసి పెడుతున్నాను. నాలుగేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున, సిద్దిపేట నుంచి హైదరాబాదు పోయే బస్సులో కూర్చుని ఆమె నా ఫోన్‌లో అమెరికా కుస్తీ చూసింది. ఆమె గొంతు నిండుగా వినిపించింది అదే ఆఖరిసారి.

అత్తమ్మ బీడీలు చుట్టేది. ఆ పనికి చేతులు కావాలి గాని కళ్లతో అంత అవసరం లేదు. తునికాకు కత్తిరించేటప్పుడు మాత్రం ఒళ్లోని చాట వైపు చూసేది. తంబాకు పోసి చుట్టడం, చివర మడవడం, దారం వేయడం వేళ్లే చూసుకునేవి. అందుకని మా ఇంట్లో టీవీ పొద్దంతా నడిచేది. సీరియళ్లు ఆమెకు పడేవి కావు. ఏడుపు ఎక్కువ, ఏదీ తేలదు అని ఆమె ఫిర్యాదు. ఎప్పుడో ఛానళ్లు మారుస్తుంటే కుస్తీ తగిలిందట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆ పహిల్వాన్లందరూ ఆమెకు చుట్టాల్లాగా తెలుసు. వాళ్ల ఇంగ్లీషు పేర్లకు ఆమె నోరు తిరిగేది కాదు. తిరగాలని ఆమె అనుకోలేదు కూడా. గడ్డపాయన, పచ్చలాగోడు, బోడిగుండు, బర్రె, ఇలా తనే పేర్లు పెట్టుకుంది.

పక్కింటి ఆమె కూడా బీడీలే చుట్టేది. అత్తమ్మకు వరసకు వదినె. మధ్యాహ్నం తన చాట పట్టుకుని మా ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. అత్తమ్మది గడ్డపాయన పక్షం. ఆయన గడ్డం నెరిసింది, ఒక మోకాలు కుంటుతుంది, అయినా ఆట మానడు. వదినె ఎప్పుడూ ఆయనకు ఎదురు నిలబడ్డవాడి పక్షం, వాడు ఎవడైనా సరే.

"నీ గడ్డపాయనకు కూసుంటే లేవస్తలేదు. ఇంక కుస్తేంది?" అనేది వదినె.

"లేవకుంటనే గంతమందిని పండవెట్టిండా?"

"వాళ్లే జాలిపడి పండుకున్నరు."

"నీ మొగడు గూడ గట్లనే జాలిపడి నీతోని కాపురం జేసిండు తియ్యి."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. చేతులు ఆగేవి కావు.

నేను నంగునూరు బడిలో పాఠాలు చెప్తాను. ఇంటికొచ్చాక పని ముగించుకుని ఒక పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. "నీ పుస్తకంల ఎవలన్న కొట్టుకుంటరానే పిల్లా?" అని అత్తమ్మ ఒకసారి అడిగింది. అప్పుడప్పుడు కొట్టుకుంటారని చెప్పాను.

"ఎవలు గెలుస్తరు?"

చాలాసార్లు అది తేలదని చెప్పాను.

"మరి గంత లావు ఎందుకు రాసిండు?" అంది.

వారం వారం వచ్చే కుస్తీ వేరు, నెలకో రెండు నెలలకో వచ్చే పెద్ద ఆట వేరు. వారాల తరబడి పెరిగిన తగాదాలు ఆ పెద్ద ఆటలో తేలుతాయి. అమెరికాలో దాన్ని చూడాలంటే సినిమాకు టికెట్టు కొన్నట్టు ఇంట్లో టీవీకే విడిగా డబ్బు కట్టాలట. అందుకే దాన్ని పే-పర్-వ్యూ అంటారు. మాకది కేబుల్‌లోనే వచ్చేది. అత్తమ్మ దాన్ని పెద్దాట అనేది. ఆదివారం జరుగుతుందని తెలుగు వ్యాఖ్యానంలో పదే పదే చెప్పేవాళ్లు. మాకు సోమవారం సాయంత్రం చూపించేవాళ్లు. మాకు తెలిసిన లెక్క అంతే. ఆదివారం అక్కడ ఆడతారు, సోమవారం మనకు వేస్తారు. ఆ సోమవారాల్లో మా ఇంట్లో వంట తొందరగా అయ్యేది.

ఆ ఏడాది ఎండాకాలంలో ఆమె గొంతు బొంగురుపోయింది. తంబాకు దుమ్మని అనుకున్నాం. కషాయాలు తాగింది. వానలు పడ్డాక కూడా తగ్గకపోతే సిద్దిపేటలో చూపించాం. అక్కడివాళ్లు హైదరాబాదు పంపించారు. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. గొంతులో గడ్డ ఉంది, అది మాట పుట్టే చోటే ఉంది, ఆ భాగమంతా తీసేయాలి.

"తీస్తే బతుకుతనా సారూ?" అంది అత్తమ్మ.

"బతుకుతావమ్మా. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం, ఊపిరి దాంట్లోంచి తీసుకుంటావు. మాట మాత్రం రాదు."

"రాదంటే, కొన్నొద్దులా?"

"ఎప్పటికీ రాదమ్మా."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదికల్లా వచ్చి చేరాలని, అప్పటిదాకా గట్టిగా మాట్లాడొద్దని, అరిస్తే వాపు వచ్చి ఊపిరికి కష్టమవుతుందని, ఆపరేషన్ వెనక్కి పోతుందని డాక్టరు చెప్పాడు.

"జరంతన్న మాట్లాడొచ్చునా?"

"జరంత అయితే మాట్లాడొచ్చు."

తిరుగు బస్సు గజ్వేల్‌లో ఆగింది. ఆమె నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "మాట ఇగ జరంతనే ఉన్నదట. రెండిటికి దాసుకుంట. ఆదివారం పెద్దాట. సోమవారం పొద్దుగాల పోరని ఫోన్."

పోరడు అంటే మా ఆయన. మస్కట్‌లో కట్టే భవనాల్లో ఏసీ గొట్టాలు బిగించే పని. సెలవు అడిగాడు, దొరకలేదు. పని దగ్గర ఫోన్ గేటు దగ్గరే పెట్టి పోవాలి, సాయంత్రం దాకా చేతికి రాదు. అప్పటికి అత్తమ్మ వార్డులో ఉంటుంది, మరునాడు ఆపరేషన్. అందుకని సోమవారం పొద్దున పనికి పోయేటప్పుడు కంపెనీ బస్సులోంచి ఫోన్ చేస్తానన్నాడు. తల్లి మాట వినడం అదే ఆఖరు అని మాలో ఎవరూ పైకి అనలేదు.

పెద్దాట సంగతి కూడా అలాంటిదే. గడ్డపాయన ఇదే తన చివరి ఆట అని ప్రకటించాడు. ఎదురు పచ్చలాగోడు, పాతికేళ్ల కుర్రవాడు. మామూలుగా అయితే సోమవారం సాయంత్రం చూసేది. ఈసారి సోమవారం సాయంత్రం దవాఖానలో. కేబుల్ అతన్ని అడిగితే, అక్కడ ఆడుతున్నప్పుడే చూడొచ్చని, పొద్దున ఐదున్నరకు వస్తుందని చెప్పాడు. ఆదివారం ఐదున్నరకు లేవాలని అత్తమ్మ తీర్మానించింది.

ఆ వారమంతా ఆమె నోరు తెరవలేదు. చాయ కావాలంటే కత్తెరతో చాట మీద కొట్టేది. నన్ను పిలవాలంటే చప్పట్లు. ఈ అవకాశాన్ని వదినె వదులుకోలేదు.

"ఇన్నేండ్ల సంది నన్నొక్క మాట పూర్తిగ మాట్లాడనిచ్చిందా మీ అత్త? ఇప్పుడు నా వంతు. ఏమే, నీ గడ్డపోడు మూలకు వడ్డడు. పచ్చలాగోడు వాన్ని చాపలెక్క చుట్టి పక్కకు వెడ్తడు. ఏమంటవ్? ఏమనవా? గదీ!"

అత్తమ్మ ఆకు ముక్కలు గుప్పెట్లో పట్టి ఆమె మీదకు విసిరేది. వదినె దులుపుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఒకరోజు ఆమె పోతూ పోతూ వాకిట్లో ఆగి, నా చెయ్యి పట్టుకుని, "నిజంగనే రాదానే మాట?" అని అడిగింది. రాదన్నాను. "మరి నేనెవలతోని కొట్లాడాలె?" అంది.

ఆదివారం తెల్లవారకముందే వదినె పీట పట్టుకుని వచ్చింది. చాయ పెట్టాను. ఐదున్నర అయింది. టీవీలో ఎప్పటిదో పాత క్రికెట్ ఆట నడుస్తోంది. ఆరు అయింది. క్రికెట్టే. అత్తమ్మ టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది. కేబుల్ అతన్ని నిద్ర లేపాను.

"మేడం, ఆదివారం వాళ్లకు. మనకు సోమవారం" అన్నాడతను.

అక్కడ ఇంకా శనివారం రాత్రే నడుస్తోంది. వాళ్ల ఆదివారం సాయంత్రం మనకు సోమవారం తెల్లవారుజాము. బడిలో గ్లోబు తిప్పి నేను పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ఇంట్లో టీవీ ముందు మా ముగ్గురిలో ఎవరికీ అది తట్టలేదు.

"నీ గడ్డపోడు భయపడి రాలేదే" అంది వదినె. అత్తమ్మ నవ్వింది, చప్పుడు లేకుండా. తర్వాత ఆమె ముఖం మారింది. నాకూ అప్పుడే అర్థమైంది. సోమవారం పొద్దున బస్సులో ఉంటాం. సోమవారం పొద్దునే మా ఆయన ఫోన్. దాచుకున్న జరంత మాట రెండు రోజులకు సరిపోతుందని ఆమె లెక్క వేసుకుంది. ఇప్పుడు రెండూ ఒకే గంటలో వచ్చి పడ్డాయి.

ఆయన్ని ఈ రాత్రే ఫోన్ చేయమని చెప్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, వారంలో మొదటిసారి మాట్లాడింది. "ఇయ్యాల మాట్లాడితే రేపు మల్ల ఇనబుద్ధి కాదా వానికి? పొయ్యేముందు ఇనాలె. సోమవారం అన్నడు, సోమవారమే." మరి ఆట వదిలేద్దామా అన్నాను. నా ఫోన్ వైపు వేలు చూపించింది.

మరునాడు ఐదున్నర బస్సు ఎక్కాం. కిటికీ పక్కన ఆమె, పక్కన నేను, ఇద్దరి మధ్య పైకి పట్టుకున్న నా ఫోన్. ఆమె ఒళ్లో తన చిన్న బటన్ల ఫోన్. మొదటి ఆటలు మొదలయ్యాయి. గడ్డపాయన వంతు ఇంకా రాలేదు. ఆమె పెదవులు బిగించి చూస్తోంది. ఫోన్‌లోంచి జనం అరుపులు బస్సంతా వినబడుతున్నాయి.

కండక్టరు వచ్చింది. "ఏందవ్వా పొద్దుగాల పొద్దుగాల గీ లొల్లి? సౌండ్ తగ్గించు."

నేను లేచి ఆమెకు ఎక్కడికి పోతున్నామో, ఎందుకో నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆమె ముందుకు పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, "ముందట సీటు ఖాళీ ఉన్నది, గాడ కూసోండ్రి. గీడ ఎత్తేస్తది, ఏం కనవడది" అంది. ముందు సీటుకు మారాం.

గజ్వేల్‌లో టమాటా ట్రేలతో ఒకతను ఎక్కాడు. ట్రేలు మా సీటు పక్కనే పేర్చి, వాటిని కాలితో ఆపుకుని నిలబడ్డాడు. మా భుజాల మీదుగా చూసి నవ్వాడు.

"గదంత ఉత్తదే అవ్వా. ఎవలు గెలిచేదో ముందుగాలనే రాసుకుంటరు."

అత్తమ్మ నా వైపు చూసింది, ఒక్క మాట అననా అని అడిగినట్టుగా. నేను తల ఊపాను.

"భాగోతం జూసినవా ఎన్నడన్న?" అంది అతన్ని.

"చూసిన."

"రావణుడు సస్తడని ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి తెల్లందాక ఎందుకు కూసున్నవ్?"

"మా నాయిన నెత్తి మీద ఒకటిచ్చి కూసోవెట్టిండు."

వెనక సీట్లలో నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. అప్పుడే గడ్డపాయన వచ్చాడు. పాట మొదలైంది, ఆయన కుంటుతూ మెట్లు దిగుతున్నాడు. అదే నిమిషంలో అత్తమ్మ ఒళ్లో ఫోన్ మోగింది. నేనే తీసి స్పీకర్ నొక్కాను.

"అవ్వా, నేను."

"బిడ్డా, తిన్నవా?"

"తిన్న. నువ్వెట్లున్నవ్?"

"నాకేమైందిరా, బస్సుల ఉన్న. గడ్డపాయన వస్తుండు."

"ఎవలూ?"

"గడ్డపాయనరా! గదే, కుంటోడు. ఇయ్యాల్నే ఆఖరు."

మా ఆయన నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. ఫోన్ చెవికి పెట్టుకొమ్మని ఆమెకు చెప్పబోయాను.

"మరి చెప్పవ్వా" అన్నాడు ఆయన. "నాకు కనవడ్తలేదు గద. ఏం జేస్తుండు?"

అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. నేను ఒక చేత్తో ఆట పట్టుకున్నాను, ఇంకో చేత్తో మా ఆయన్ని పట్టుకున్నాను. ఆమె గొంతు బొంగురుగానే ఉంది గాని బస్సు చివరిదాకా పోయింది.

"గంట కొట్టిన్రు. చుట్టూ తిరుగుతున్నరు. పచ్చలాగోడు కాలు జూస్తుండు, వానికి మోకాలు ఎరుకే, దొంగ. గుంజిండు! కింద వడేసిండు. నీళ్లు మంచిగ తాగుతున్నవా? గాడ ఎండలు లావంటరు. మోకాలు మీద ఎక్కి తొక్కుతుండు బిడ్డా, లే, లెవ్వు... లేచిండు! ఒక్క గుద్దు గుద్దిండు. నీ నడుము నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"అబద్ధమాడకు. ఇంకొక గుద్దు. తాడు మీదికెళ్లి బయటకు విసిరిండు. నెత్తికి తువ్వాల కట్టుకో పని కాడ. కుర్చీ తీసిండు, కుర్చీ తీసిండురో! గీమె మంచిగనే చూసుకుంటుంది నన్ను, నువ్వు ఫికరు చెయ్యకు. వీపు మీద కొట్టిండు!"

ఆమె కొడుక్కి చెప్పాలనుకున్నవన్నీ దెబ్బల మధ్యన చెప్పేసింది. ఆ వారమంతా మౌనంగా కూర్చుని వాటిని పోగు చేసుకుందని నాకు అప్పుడు తెలిసింది. టమాటా అతను ట్రేల మీద ఒక చెయ్యి పెట్టి పూర్తిగా మా వైపు వంగాడు. "కొట్టు, కొట్టు" అంటున్నాడు. ఉత్తదే అన్న సంగతి మరిచిపోయాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి నిలబడింది.

గడ్డపాయన పచ్చలాగోణ్ని భుజాల మీదకు ఎత్తబోతుండగా బొమ్మ ఆగిపోయింది. సిగ్నల్ పోయింది. తెర మీద ఇద్దరూ కదలకుండా ఉన్నారు. నేను ఫోన్ అటూ ఇటూ తిప్పాను. అత్తమ్మ ఒక్క క్షణం ఆగింది. అవతల నుంచి "ఏమైందవ్వా?" అని వినబడింది.

"ఏసిండు!" అంది ఆమె. "లేపి నేలకేసి కొట్టిండు. పచ్చలాగోడు లేస్తలేడు. జనమంత లేచి నిలవడ్డరు."

కదలని బొమ్మను చూస్తూ ఆమె ఆట నడిపించింది. నేను, టమాటా అతను, కండక్టరు ఆమె ముఖమే చూస్తున్నాం. బొమ్మ తిరిగి వచ్చేసరికి అక్కడ జరిగింది వేరు. కింద పడి ఉన్నది గడ్డపాయన. పచ్చలాగోడు మూల స్తంభం పైకి ఎక్కి ఉన్నాడు. అక్కడి నుంచి దూకాడు. రిఫరీ చేత్తో నేల మీద మూడుసార్లు కొట్టాడు. గంట మోగింది.

టమాటా అతను "అరె, ముసలోడు..." అని మొదలుపెట్టాడు. అత్తమ్మ చెయ్యి ఎత్తి అతని వైపు చూసింది. అతను ఆగిపోయాడు.

"గెలిచిండురా" అంది ఆమె ఫోన్‌లోకి. "గడ్డపాయన గెలిచిండు బిడ్డా!"

"నిజంగనా?"

"నిజంగనే అన్నా" అని టమాటా అతను వంగి ఫోన్‌లోకి అరిచాడు. "నేను చూస్తున్న గద. వాన్ని లేవకుంట కొట్టిండు!"

మా ఆయన నవ్వడం వినిపించింది. వెనకాల ఇంకెవరో ఏ భాషలోనో ఏదో అడుగుతున్నారు, ఆయన వాళ్లకు చెప్తున్నాడు. "మంచిదవ్వా. గేటు కాడికి వచ్చినం. ఫోన్ ఇచ్చెయ్యాలె."

"పో బిడ్డా. పైలం."

ఫోన్ పెట్టేశాక ఆమె సీటుకు ఆనుకుని కళ్లు మూసుకుంది. శామీర్‌పేట దాటేటప్పుడు నా చెవి దగ్గరకు వంగింది. అప్పటికే మాట కాదు, గాలి వస్తోంది. "ఎత్తుల మీద పని జేసేటోడు. ఓడిండని మనసుల పెట్టుకోని ఎక్కొద్దు" అంది. దిగేటప్పుడు కండక్టరు ఆమె సంచి అందుకుని కిందికి దించింది. టమాటా అతను ట్రేలోంచి పండినవి ఏరి, వద్దంటున్నా నా సంచిలో వేశాడు.

దవాఖానలో చిన్న డాక్టరు ఆమె గొంతులో లైటు వేసి చూసి నా మీద కోప్పడ్డాడు. చదువుకున్నవాళ్లయి ఉండి ఇలా ఎందుకు చేశారన్నాడు. అతని కోపం న్యాయమైనదే. వాపు తగ్గేదాకా ఆపరేషన్ రెండు రోజులు ఆగింది. ఆ రెండు రోజులూ ఊపిరి సరిగ్గా ఆడుతుందా లేదా అని నేను నిద్రపోలేదు. పెద్ద డాక్టరు వచ్చినప్పుడు ఆమె అతన్ని దగ్గరకు రమ్మని సైగ చేసింది. "మాట్లాడేది అయిపోయింది సారూ. ఇగ మీ పని మీరు చేసుకోండ్రి" అంది. అతను వంగితే గాని వినబడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆమె దాదాపు నాలుగేళ్లు బతికింది. బీడీల పని డాక్టర్లు మాన్పించారు. చేతులు ఊరికే ఉండలేక చిక్కుళ్లు ఒలవడం, పత్తి వత్తులు చేయడం పెట్టుకుంది. మధ్యాహ్నం వదినె వచ్చేది. ఇద్దరూ కుస్తీ చూసేవాళ్లు. ఒకరు మాట్లాడేవారు, ఇంకొకరు చేతులతో తిట్టేవారు. మెడ దగ్గర రంధ్రం శుభ్రం చేయడం నేను నేర్చుకున్నాను. మొదట్లో ఇద్దరం భయపడ్డాం, తర్వాత అది ముఖం కడగడంలాంటి పని అయిపోయింది. ఆ ఏళ్లు కష్టంగా గడిచాయని నేను చెప్పలేను. అవి మాకు ఎవరో ఇచ్చినవి అనిపించేది. ఆ డాక్టర్లు ఇచ్చారు, ముఖ్యంగా కోప్పడిన ఆ కుర్ర డాక్టరు. వార్డులో రాత్రంతా వచ్చి వచ్చి ఆమె ఊపిరి చూసింది అతనే.

పేర్లు తెలియని మనుషులకు కృతజ్ఞత ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఆ కండక్టరు ఫోన్ ఆపించి ఉండొచ్చు. ఆ టమాటా అతను నిజం చెప్పి ఉండొచ్చు. నేను ఎన్నడూ చూడని దేశంలో ఇద్దరు మనుషులు చెక్కల మీద పడ్డారు, లేచారు. అది ముందే రాసుకున్న ఆటే కావచ్చు. దాన్ని ఆసరా చేసుకుని ఒక తల్లి కొడుక్కి నీళ్లు తాగమని, తువ్వాల కట్టుకొమ్మని చెప్పగలిగింది. మామూలుగా ఫోన్ వచ్చి ఉంటే ఇద్దరూ ఏడ్చేవాళ్లు, అంతే. గడ్డపాయనకు నేను రుణపడి ఉన్నాను. పచ్చలాగోడికి కూడా.

మా ఆయన ఈ నాలుగేళ్లలో రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. ఆ ఆట ఊసు ఎత్తలేదు. అత్తమ్మా ఎత్తలేదు. ఆమె గెలిచిండన్న మాట అలాగే ఉండిపోయింది. ఈసారి ఆయన వచ్చేసరికి ఆమె లేదు. దినాలు అయిపోయి చుట్టాలందరూ వెళ్లాక, ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "గా ఆట ఇప్పుడు దొరుకుతదా?" అని అడిగాడు.

దొరక్కపోవచ్చన్నాను. చూడమన్నాడు. వెతికి టీవీకి కలిపాను. గడ్డపాయన మెట్లు దిగుతుంటే, "సౌండ్ తియ్యి" అన్నాడు. తీసేశాను.

ఆయన ఆ ఆట ఎన్నడూ చూడలేదు. అయినా జరగబోయేది ముందే చెప్తున్నాడు. "ఇప్పుడు కాలు వడ్తడు." పచ్చలాగోడు కాలు పట్టుకున్నాడు. "గీడ నీళ్లు తాగుమన్నది." గడ్డపాయన లేచాడు. "నడుము నొప్పి." గుద్దు పడింది. "కుర్చీ. గిప్పుడు నీ గురించి చెప్పింది, మంచిగ చూసుకుంటుందని." నేను తెర వైపే చూశాను. సిగ్నల్ పోయిన చోటు వచ్చింది. లేపి నేలకేసి కొట్టిండని అత్తమ్మ అన్న చోట, నిజానికి గడ్డపాయన మోకాలు మడతపడి తనే కూలిపోయాడు. మా ఆయన కొంచెం నవ్వాడు. పచ్చలాగోడు స్తంభం ఎక్కాడు, దూకాడు. రిఫరీ నేల మీద కొట్టాడు.

మా ఆయన మామూలుగానే కూర్చున్నాడు.

"గా దినమే ఎరుక నాకు" అన్నాడు. "పొద్దుమీకి రూముకు పోంగనే కేరళ ఆయన చెప్పిండు, ముసలోడు ఓడిండని. నేను వానితోని కొట్లాడిన. మా అవ్వ చూసింది, గెలిచిండు అని."

"మరి అవ్వను ఎన్నడన్న అడిగినవా?"

"ఏమని అడుగుత? పొయ్యే గొంతుతోని నాకోసం గెలిపిచ్చింది." చెయ్యి తుడుచుకున్న తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "నేను మనసుల గెలిచిండనే పెట్టుకున్న."

టీవీలో తర్వాతి ఆట మొదలైంది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. వాళ్లెవరో మాకు తెలియదు. ఆయన సౌండ్ పెట్టమన్నాడు. అది కూడా చివరిదాకా చూశాం.